జేగురు గీతకు ఇవతల

అరుణావతి కోటను ఒకసారి చూసినవాడు ఆ పూట అన్నం మాట మరిచిపోతాడని దేశదేశాల్లో చెప్పుకునేవారు. బురుజు మీద నిలబడి చెయ్యి చాస్తే మబ్బులు తడితడిగా తగిలేవి. అంతఃపురం మీది బంగారు కలశాల కాంతికి తెల్లవారిందనుకుని పక్క రాజ్యంలో కోళ్ళు నడిరేయే కూసేవి. ఇక కందకంలో మొసళ్ళు ఎంత ముసలివంటే, వాటి వీపుల మీద నాచు మొలిచి, ఆ నాచులో కొంగలు గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచి, ఆ పిల్లలకు పెళ్ళిళ్ళు కూడా చేసేశాయి.

అటువంటి కోటను ధూమ్రజటుడనే మాంత్రికుడు పట్టుకున్నాడు. సేనలతో కాదు, పిశాచాలతోనూ కాదు. ముంతెడు జేగురుతో.

ఎర్రటి జేగురుమట్టిని నీళ్ళలో కలిపి, కోట చుట్టూ రెండు వేళ్ళ వెడల్పున ఒక గీత గీశాడు. అంతటితో అరుణావతి అతని గుప్పిట్లో పడింది. ఎందుకంటే ఆ దేశంలో పుట్టినవాళ్ళు జేగురు గీత దాటలేరు. కత్తి మొనను పువ్వులా చూసే యోధులు సైతం నేల మీద ఎర్ర గీత కనిపిస్తే కాళ్ళు వణికి, గుండె జారి, అక్కడే ఆగిపోతారు. అదేమిటని అడిగితే, అది మా పుట్టుక, మా రక్తంలోనే ఉంది అంటారు. ఇవాళ పొద్దుగూకగానే ధూమ్రజటుడు వచ్చి, కోటలో ఉన్న పది నెలల పసివాడు కువలయ యువరాజును ఎత్తుకుపోయి బలి ఇస్తాడు. ఆ బలితో వాడికి ఇక చావుండదు.

పసివాడి తండ్రి అరిందమ మహారాజు కోటలో లేడు. గీత గీసిననాడు ఆయన వేటకు వెళ్ళి ఉన్నాడు. తిరిగొచ్చేసరికి దారికి అడ్డంగా గీత. ఆనాటి నుంచి ఏనుగులతో, గుర్రాలతో, కాల్బలంతో సహా గీతకు ఇవతల గుడారాలు వేసుకుని కూర్చున్నాడు. అవతల తలుపులు బార్లా తెరిచిన సొంత కోట. మధ్యలో రెండు వేళ్ళ ఎర్రమట్టి.

ఇదంతా చూసి తల బాదుకోవలసిన పని శరభుడి మీద పడింది.

శరభుడిది కదళీద్వీపం. పడవలు నడిపేవాళ్ళ ఇంట్లో పుట్టి, కత్తి పట్టి, సముద్రాలు దాటి వచ్చిన మొనగాడు. నిన్న మధ్యాహ్నం అడవిలో పెద్దపులి అతణ్ణి నడుము దాకా మింగేసిన సమయంలో అరిందమ మహారాజే వచ్చి, పులి దవడలు రెండు చేతులతో విడదీసి, తడిబట్ట పిండినట్టు పులిని పిండి అవతల పారేశాడు. ఆ కృతజ్ఞతతో శరభుడు మాట ఇచ్చాడు: రేపు పొద్దుగూకేలోగా నీ కొడుకును తెచ్చి నీ చేతుల్లో పెడతాను అని. గీత సంగతి అప్పటికి అతనికి తెలియదు. తెలిశాక, పులి కడుపులోనే ఉండిపోయినా బాగుండేదనిపించింది.

పొద్దున్నించీ మహారాజుతో వాదించి వాదించి అతని గొంతు బొంగురుపోయింది. దాటండి అన్నాడు. దాటితే చస్తామన్నారు. ఎవరైనా చచ్చారా అని అడిగాడు. చచ్చారట. మొన్న దండనాయకుడి గుర్రం బెదిరి అతడితో సహా గీత దాటితే, దండనాయకుడు జీను మీదే ప్రాణం వదిలాడట. మరి గుర్రమేమైందంటే వేలెత్తి చూపించారు. అది అవతల నిక్షేపంగా గడ్డి మేస్తోంది. ‘గుర్రం మా దేశంది కాదు, కొన్నది’ అన్నారు.

కళ్ళకు గంతలు కట్టుకుని నడవండి, గీత కనిపించదు కదా అన్నాడు శరభుడు. సరేనని ఒక దళం గంతలు కట్టుకుంది. కట్టుకున్నాక గీత ఎక్కడుందో తెలియక, ప్రతి అడుగూ గీతేనేమోనని ఆ మహావీరులంతా ఉన్నచోటనే చతికిలబడి ఏడవడం మొదలుపెట్టారు.

ఇలా కాదని అతనే వెళ్ళి తన కాలితో గీతను ఒక రథం పట్టేంత మేర చెరిపేశాడు. ఇంకేముంది, సేన మొత్తం కెవ్వుమని అరుస్తూ వెనక్కి పారిపోయింది. గీత కనిపిస్తున్నంతసేపూ ఎక్కడ ఆగాలో తెలిసేదట, ఇప్పుడది భూమిలోకి దిగిపోయి ఏ క్షణాన ఎవరి పాదం కిందికి వస్తుందో తెలియదట. చివరికి పులిని పిండిన ఆ మహారాజు రెండు చేతులూ జోడించి, నాయనా, చెరిపినచోట మళ్ళీ గీయమని బతిమాలుకున్నాడు. శరభుడు దొప్పలో జేగురు కలుపుకుని, పళ్ళు నూరుకుంటూ, ఆ ముక్క తానే గీశాడు. గీశాక సేనకు ప్రాణం కుదుటపడింది.

ఇక మిగిలింది ఒకటే దారి. తానే లోపలికి వెళ్ళి పసివాణ్ణి ఎత్తుకురావాలి. దానికీ ఒక అడ్డంకి ఉంది. కోట వాకిట ధూమ్రజటుడు గండశిలుడనే రాక్షసుణ్ణి కాపలా పెట్టాడు. గీతకు ఇవతలే వాడి మకాం. వాడికి బయటినుంచి వచ్చిన మగవాణ్ణి చూస్తే ఆకలి. పొద్దున శరభుడు గీత చెరిపినప్పుడు వాడు గాఢనిద్రలో ఉండబట్టి సరిపోయింది. ఆడవాళ్ళ జోలికి మాత్రం పోడు. పొరుగు రాజ్యం నుంచి యువరాజుకు పాలు తెచ్చే గొల్లభామలు వాడి కాళ్ళ సందునుంచే రాకపోకలు సాగిస్తున్నారు. అందువల్ల శరభుడు, ఏడాదిపాటు నెయ్యి రాసి పెంచుకున్న మీసం గొరిగించుకుని, గుడారాల్లో వంటమనిషి చీర కట్టుకుని, సవరం పెట్టుకుని, చంకన గంపతో, చేతిలో బెత్తంతో సోదెమ్మ వేషం వేశాడు. మీసం రాలుతున్నప్పుడు అతని కళ్ళలో తిరిగిన నీళ్ళు పులి నోట్లో ఉన్నప్పుడు కూడా తిరగలేదు.

గండశిలుడి కాలి బొటనవేలు గానుగ రోలంత ఉంది. గడ్డంలో పిచ్చుకలు కాపురాలు పెట్టాయి. వాడు ఊపిరి పీల్చినప్పుడల్లా దారిన పోయే ఎండుటాకులు ముక్కులోకి వెళ్ళి, వదిలినప్పుడు బయటికి వస్తున్నాయి. వాడు శరభుణ్ణి రెండు వేళ్ళతో పైకెత్తి వాసన చూశాడు. శరభుడు ఊపిరి బిగబట్టి, నీ నుదుటి రాత బాగుంది గానీ ఈ పక్షం రోజులు మగ మాంసం తింటే కడుపులో రాయి పుడుతుందని సోదె చెప్పాడు. రాక్షసుడు బెంగగా పొట్ట తడుముకున్నాడు. తనకు ఇష్టమై తినడం లేదనీ, తమ వంశంలో పుట్టుకతోనే అలా వస్తుందనీ చెప్పుకుని వాపోయాడు. ఇక్కడా పుట్టుకేనా అనుకుంటూ శరభుడు లోపలికి దూరాడు.

అంతఃపురంలో స్ఫటికపు స్తంభాలు, వాటి మీద పగడపు తీగెలు, తీగెల మీద మరకతపు చిలకలు. ఆ చిలకలను నిజమైనవనుకుని నిజం చిలకలు వచ్చి వాలి మాట్లాడించి, అవి పలక్కపోతే అలిగి వెళ్ళిపోతున్నాయి. హేమలేఖ మహారాణి నేల మీద కూర్చుని ఏడుస్తోంది. ఆవిడ అత్తగారు, రాజమాత ముక్తాంబ, పట్టె మంచం మీద ఆకూవక్కా వేసుకుంటోంది. యువరాజు గిలక నోట్లో పెట్టుకుని నేలంతా పాకుతున్నాడు.

శరభుడు సవరం తీసి, మహారాజు ఉంగరం చూపించి, వచ్చిన పని చెప్పాడు. మహారాణి కళ్ళల్లో వెలుగు వచ్చింది. రాజమాత వక్క కొరకడం ఆపలేదు. తీసుకెళ్ళి ఏం చేస్తావు అని అడిగింది. బిడ్డ ఈ రక్తంలో పుట్టినవాడు, గీత దాటించిన మరుక్షణం వాడి గుండె పగులుతుంది. ఇక్కడుంటే మాంత్రికుడు చంపుతాడు, నీతో వస్తే నువ్వు చంపుతావు. అంతేనా తేడా?

ఆ భయం రక్తంలో లేదు, పెంపకంలో ఉందన్నాడు శరభుడు. రాజమాత నవ్వింది. ఎవరు నేర్పారయ్యా అంది. మేం ఎవరికీ నేర్పలేదు. మా ఇళ్ళలో పిల్లలు పాకడం మొదలుపెట్టగానే గుమ్మం దగ్గర జేగురు గీత గీస్తాం. పిల్లవాడు అక్కడికి వచ్చి వాడంతట వాడే ఆగిపోతాడు. నోటితో ఒక్క మాట చెప్పం, చేత్తో ఒక్క దెబ్బ వెయ్యం.

“గుమ్మం దగ్గర గీత ఎందుకు గీస్తారమ్మా?” అని అడిగాడు శరభుడు.

“పిల్లలు పాక్కుంటూ పోయి బావిలో పడకుండా.”

“అంటే పిల్లల్ని ఆపడానికే గీస్తున్నారు కదా.”

“వాళ్ళు పుట్టుకతో ఆగుతారు కాబట్టి గీస్తున్నాం. ఆగకపోతే గీసి ఏం లాభం?”

శరభుడు గంపలోంచి దొప్ప తీసి, మిగిలిన జేగురుతో నట్టింట్లో అడ్డంగా ఒక గీత గీశాడు. చెలికత్తెలంతా బల్లుల్లా గోడలకు అంటుకుపోయారు. పసివాడి చేతిలో గిలక లాక్కుని గీత అవతలికి విసిరాడు. పసివాడు గిలక వైపు జరజరా పాకాడు. గీత దగ్గరికి వచ్చాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, తల్లి మొహం చూశాడు. తల్లి మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. నాయనమ్మ నోట్లో తాంబూలం కదలడం మానేసింది. పసివాడి కింది పెదవి వణికింది. గీత వైపు ఒకసారి, తల్లి వైపు ఒకసారి చూసి, వెనక్కి పాకి వెళ్ళి తల్లి ఒళ్ళో మొహం దాచుకున్నాడు.

“చూశావా? ఎవరైనా నేర్పారా?” అంది రాజమాత.

శరభుడికి ఒళ్ళు మండిపోయింది. నేర్పారు, ఇప్పుడే నా కళ్ళెదుటే నేర్పారు, వాడు చూసింది గీతను కాదు మీ మొహాలను, మీ మొహాలే వాడికి పంతులుగారు, ఈ దేశంలో ప్రతి తల్లీ ఇలాగే బిడ్డకు కళ్ళతో పాఠం చెప్పి, చెప్పలేదని ఒట్టు పెట్టుకుంటోంది, అని గుక్క తిప్పుకోకుండా దులిపేస్తూ, చెయ్యి ఊపుతూ గదంతా తిరుగుతున్నాడు. అంతలో గోడకు అంటుకున్న చెలికత్తెల్లో ఎవరో తుమ్మారు.

శరభుడు టక్కున మాట ఆపి, ఉన్నచోటనే నేల మీద కూర్చున్నాడు.

గదిలో అందరూ అతని వైపు చూశారు.

“ఏమైంది నాయనా?” అంది రాజమాత.

“ఎవరో తుమ్మారు కదమ్మా.”

“తుమ్మితే?”

“కూర్చోవాలి కదా. కాసేపాగి, గుక్కెడు నీళ్ళు తాగి లేవాలి.”

“లేకపోతే ఏమవుతుంది?”

“లేకపోతే ఏమిటి, అసలు నిలబడలేం. కాళ్ళు వాటంతటవే మడత పడతాయి. మనిషి ఒంటి తీరే అంత.”

“మేం తుమ్ముకుంటూ నడుస్తాం. మరి నీకు ఇది నేర్పిందెవరు?”

“ఎవరూ నేర్పలేదు, అది పుట్టు...” అని శరభుడు ఆగిపోయాడు.

గోడకు అంటుకున్న చెలికత్తెలు ఆ భయంలోనూ కిసుక్కుమన్నారు. రాజమాత ఆకుకు సున్నం రాస్తూ, చెంబుతో నీళ్ళు తెచ్చి సోదెమ్మకు ఇవ్వమని చెప్పింది. శరభుడు లేవాలని చూశాడు. మోకాళ్ళు వినలేదు. ఆ నీళ్ళు తాగాక గానీ లేవలేకపోయాడు. ఇంతకాలం తుమ్ము వినిపించినప్పుడల్లా కదళీద్వీపంలో అమ్మ, నాన్న, ఊరంతా పక్కనే గుంపుగా కూర్చునేవారనీ, తాను వాళ్ళను చూసే కూర్చున్నాడనీ అతనికి ఈ రోజు దాకా తట్టనే లేదు. తట్టినా అతనికి సంతోషం కలగలేదు. చిరాకు రెండింతలైంది, అంతే. మొదట వీళ్ళ మీద, ఇప్పుడు తన మీద కూడా.

పడమటి కిటికీలో ఎండ ఎర్రబడుతోంది. ఇక ఆలస్యం చెయ్యకుండా శరభుడు మహారాణికి ఒక్కటే చెప్పాడు: అమ్మా, నీ మొహం కనపడకుండా కొంగు కప్పుకో. నాయనమ్మను గోడ వైపు తిప్పించాడు. చెలికత్తెలను కూడా తిప్పించాడు. మళ్ళీ గిలక విసిరాడు. పసివాడు గీత దగ్గరికి పాకి, వెనక్కి తిరిగి చూశాడు. తల్లి ఉండవలసిన చోట పట్టుచీర మూట ఒకటి ఉంది. మిగిలినవన్నీ వీపులు. పసివాడు కాసేపు ఆ మూటను చూసి, విసుగొచ్చి, గీత మీద చెయ్యి వేశాడు. తడి జేగురు చేతికంటింది. అది నోట్లో పెట్టుకుని రుచి చూశాడు. బాగున్నట్టుంది, ఇంకొంచెం తిన్నాడు. తరువాత గీతను పొట్టతో తుడిచేస్తూ అవతలికి పాకి, గిలక అందుకుని, ఎర్రటి నోటితో కేరింతలు కొట్టాడు.

తల్లి కొంగు తొలగించి చూసింది. బిడ్డ గుండె మీద చెయ్యి వేసింది. పిచ్చుక రెక్కలా అది కొట్టుకుంటూనే ఉంది.

రాజమాత గోడ వైపు నుంచి తిరిగి చూసి, ఇది నువ్వు గీసిన గీత, దీనికి శక్తి లేదు, మాంత్రికుడు గీసిందైతే తెలిసేది అంది. కోట వాకిట ముందున్న ముక్క కూడా నేను గీసిందేనమ్మా అన్నాడు శరభుడు. అందుకే మరి, అక్కడ ఇంకా ఎవరూ చావలేదు అంది ఆవిడ. ఆవిడతో వాదించి గెలవడం కంటే కందకంలో మొసలికి సంగీతం నేర్పడం తేలికని శరభుడికి అర్థమైంది.

కానీ మహారాణి లేచి నిలబడింది.

“భయం నా మొహంలోనే ఉంటే, నా మొహమే దాచుకుంటాను. బిడ్డను తీసుకెళ్ళండి” అంది.

ఆ మాట విన్న క్షణాన శరభుడికి మొదటిసారి భయమేసింది. ఇంతసేపూ వాదనలో గెలవాలనే చూశాడు. ఇప్పుడు చేతిలోకి నిజంగా ఒక పసిప్రాణం వచ్చింది. వారం రోజులుగా వీడు పాకుతున్నాడు, గుమ్మంలో గీతా ఉంది. ఆ వారంలో వీడు ఎంత నేర్చుకున్నాడో ఎవరికి తెలుసు? జీను మీదే పోయిన దండనాయకుడు గుర్తొచ్చాడు. అయినా ఎండ ఆగదు. బిడ్డను గంపలో పడుకోబెట్టి, పైన గుడ్డ కప్పి, సవరం పెట్టుకుని బయల్దేరాడు.

దారి పొడవునా అతను ముందుగా చెప్పి పంపినట్టే జరిగింది. బురుజుల మీది భటులు, వీధుల్లో జనం, వాకిట్లో పరిచారికలు అందరూ గోడలకు తిరిగి నిలబడ్డారు. పట్టణం పట్టణమంతా తప్పు చేసిన బడిపిల్లల్లా వరసగా వీపులు చూపిస్తుంటే, ఆ మధ్యనుంచి మీసం లేని సోదెమ్మ గంపతో నడిచింది. వెనకాల మొహాన కొంగు కప్పుకుని, చెలికత్తె చెయ్యి పట్టుకుని మహారాణి. ఆవిడ వెనక, వాకిలి దాకా రాజమాత.

వాకిలి దాటారు. గీత నాలుగడుగుల దూరంలో ఉంది. దానికి అవతల దారికి అడ్డంగా గండశిలుడు కాళ్ళు బార్లా చాపుకుని కూర్చున్నాడు.

ఇందాక ఖాళీగా ఉన్న గంపకు ఇప్పుడింత బరువేమిటని వాడు అడిగాడు. మహారాణిగారు సోదె విని బియ్యం పోశారన్నాడు శరభుడు. సరిగ్గా అప్పుడే గంపలోంచి బియ్యం నవ్వింది. రాక్షసుడు చెవి రిక్కించాడు. బియ్యం ఈసారి గంపను తన్నింది. శరభుడు గంపను పట్టుకోబోతే సవరం ఊడి కింద పడింది. గంప పక్కకు ఒరిగి, పసివాడు మెత్తటి ఇసకలోకి దొర్లాడు. మరుక్షణం రాక్షసుడి చెయ్యి గీత మీదుగా వచ్చి శరభుణ్ణి నడుము దగ్గర పట్టి, తలకిందులుగా పైకి లేపింది.

“మగవాడివి” అన్నాడు గండశిలుడు దిగులుగా. “కడుపులో రాయి పుట్టినా సరే, తినక తప్పదు. పుట్టుక.”

శరభుడు ఆ మాట వినిపించుకునే స్థితిలో లేడు. తలకిందులుగా వేలాడుతూ అతను కింద చూస్తున్నది ఒక్కటే. పసివాడు ఇసకలోంచి లేచి, బోర్లా తిరిగి, గీత వైపు పాకుతున్నాడు. వెనక ఉన్నవాళ్ళంతా గోడలకు తిరిగి ఉన్నారు, తల్లి కొంగు చాటున ఉంది, అంతా బాగానే ఉంది. కానీ ముందు? గీతకు ఎదురుగా గుడారాల దగ్గర మహారాజు, ఆయన వెనక నేల ఈనినట్టు సేన, అందరూ కళ్ళు ఇంతలేసి చేసుకుని, నోళ్ళు తెరుచుకుని, ప్రాణాలు బిగబట్టుకుని ఇటే చూస్తున్నారు. వేల మొహాలు. వాటన్నిటి మీదా ఒకటే పాఠం. ఇటువైపు సంగతి శరభుడు ఆలోచించనే లేదు.

“వెనక్కి తిరగండి” అని గావుకేక పెట్టాడు. “మహారాజా, మీ సేనను వెనక్కి తిప్పండి. మీరూ తిరగండి.”

ఏ యుద్ధంలోనూ శత్రువుకు వెన్ను చూపని అరుణావతి సేన, పది నెలల పసివాడికి వెన్ను చూపింది. ఏనుగులను తిప్పడానికి కొంచెం ఆలస్యమైంది. చిట్టచివర మహారాజు కూడా, పళ్ళ బిగువున, తిరిగి నిలబడ్డాడు.

పసివాడు గీత దగ్గర ఆగాడు. వెనక్కి చూశాడు, మొహాలు లేవు. ముందుకు చూశాడు, అక్కడా లేవు. ఎక్కడైనా ఒక మొహం దొరక్కపోతుందా అని తల పైకెత్తాడు. పైన రెండే మొహాలున్నాయి. ఒకటి రాక్షసుడిది. రెండోది, ఆ రాక్షసుడి నోటికి జానెడు దూరంలో తలకిందులుగా వేలాడుతున్న శరభుడిది. పసివాడు శరభుణ్ణే చూశాడు.

శరభుడు సముద్రంలో తిమింగలాలతో పోట్లాడాడు, పులి నోట్లో పడుకున్నాడు. వాటిలో ఏదీ ఇప్పుడు చెయ్యవలసిన పనికి సాటి రాదు. కిందనుంచి రాక్షసుడి వేడి ఊపిరి జుట్టుకు తగులుతుండగా, వాడి నోట్లో మొన్నటి భోజనం వాసన ముక్కుపుటాలను కాలుస్తుండగా, అతను నవ్వాలి. ఏడుపు కలవని నవ్వు నవ్వాలి. పసివాళ్ళకు తేడా తెలుస్తుంది. శరభుడు పళ్ళన్నీ బయటపెట్టాడు. పసివాడికి నమ్మకం కుదరలేదు. శరభుడు నాలుక బయటపెట్టి, కళ్ళు తిప్పి, బుగ్గలు ఉబ్బించి, కోతిలా అరిచాడు. తనను తినబోయేవాడి చేతిలో ఉండి ఇన్ని వేషాలు వేయవలసి వచ్చిందే అని తలుచుకునేసరికి, ఎక్కడో లోపలినుంచి అతనికి నిజంగానే నవ్వొచ్చింది.

పసివాడు కూడా నవ్వాడు. నవ్వుతూ గీత మీద ఒక చెయ్యి వేశాడు. రెండో చెయ్యి వేశాడు. మోకాలు, తరవాత ఇంకో మోకాలు.

ఇవతలికి వచ్చేశాడు.

గుండె పగల్లేదు. ఊపిరి ఆగలేదు. వాడి దృష్టిలో జరిగిందేమీ లేదు. ఎదురుగా బొచ్చు మొలిచిన పెద్ద బండరాయి లాంటిదేదో కనిపిస్తే దాని దగ్గరికి పాకాడు. అది గండశిలుడి బొటనవేలు. దాని మీది వెంట్రుకలు గుప్పెడు పట్టుకుని లాగుతూ, పుట్టాక మొదటిసారి రెండు కాళ్ళ మీద లేచి నిలబడి, గర్వంగా పైకి చూశాడు.

గండశిలుడు శరభుణ్ణి నోటి దగ్గర అలాగే పట్టుకుని, కిందికి చూశాడు. చాలాసేపు చూశాడు.

“వీడికి నేనంటే భయం లేదేమిటి?” అని అడిగాడు.

“ఎవరూ నేర్పలేదు” అన్నాడు శరభుడు, తలకిందులుగానే, ఓపిక లేక.

“మరి నాకు వీణ్ణి చూస్తే ఆకలి వెయ్యడం లేదేమిటి? వీడూ మగవాడే కదా.”

“నీ సంగతి నాకేం తెలుసు. నీకు ఎవరు ఏం నేర్పారో నువ్వే గుర్తు తెచ్చుకో. ముందు నన్ను దించు.”

రాక్షసుడు నుదురు ముడిచి గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. అది వాడికి అలవాటు లేని పని. నుదుటి మీది ముడతల్లో పిచ్చుక ఒకటి ఇరుక్కుని కిచకిచమంది. ఇంతలో సూర్యుడు కొండ వెనక్కి జారాడు. ఉత్తరాన ఆకాశంలో నల్లటి మచ్చ ఒకటి లేచి, చూస్తుండగానే రెక్కలు విప్పి, ఊరంత గద్దగా మారింది. దాని వీపు మీద పొగలు కక్కే జడలతో ధూమ్రజటుడు. గద్ద నీడ తగిలిన చెట్టల్లా ఆకులు రాల్చేసింది.

గండశిలుడి మొహం పాలిపోయింది. శరభుణ్ణి ఇసకలో పారేశాడు. వంగి, పసివాణ్ణి గుప్పిట్లోకి ఎత్తుకుని, గడ్డంలో పిచ్చుకల పక్కన పెట్టుకున్నాడు.

“వాడంటే మాత్రం నాకు భయం” అన్నాడు. “ఇది నిజంగా పుట్టుకతోనే వచ్చింది.”

అని, ఒక్కొక్క అంగకు ఒక్కొక్క పొలం దాటుతూ, దక్షిణపు కీకారణ్యం వైపు పరుగందుకున్నాడు. గడ్డంలోంచి పసివాడి కేరింతలు వినిపిస్తూ వినిపిస్తూ దూరమైపోయాయి.

ఆ కేరింతలు దూరమవడం విని మహారాణి కొంగు తొలగించింది. ఖాళీ గంప చూసింది. అడవి వైపు పోతున్న కొండంత వీపు చూసింది. ఇంకేమీ చూడలేదు. చెలికత్తె చెయ్యి విదిలించుకుని, కుచ్చిళ్ళు ఎగదోపి, జుట్టు ముడి విడిపోయి వెనక తోకలా ఎగురుతుండగా పరిగెత్తింది. శరభుడి పక్కనుంచి గాలిలా దూసుకుపోయింది. ఆ విసురుకు రేగిన దుమ్ములోంచి లేచి చూసేసరికి, ఇసకలో ఆవిడ అడుగులు వరసగా కనిపించాయి. వాటిలో ఒకటి సరిగ్గా గీత మీద పడి, జేగురును రెండు ముక్కలు చేసింది. దాని తరువాతి అడుగులన్నీ ఇవతలే ఉన్నాయి.

వెనక వాకిట్లోనుంచి రాజమాత గొంతు వినిపించింది. చూశావా, తల్లి ప్రేమ, ఎవరైనా నేర్పారా అని అడుగుతోంది.

శరభుడు చీర గోచీ పెట్టుకుని ఆవిడ వెంట పరిగెత్తాడు. మహారాణీ, మీరు గీత దాటేశారు అని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాడు. చెబితే ఆగుతుంది. ఆగి, వెనక్కి తిరిగి గీతను చూస్తుంది. చూస్తే, జీను మీది దండనాయకుడికి పట్టిన గతే పడుతుంది.

గద్ద రెక్కల చప్పుడు నెత్తి మీదికి వచ్చింది. ముందు గుడారాల దగ్గర, అలికిడికి అరిందమ మహారాజు ఇటు తిరిగాడు. భార్య తనవైపే వస్తోంది. గీతకు ఇవతల. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి, చెయ్యి పైకి లేచింది, ఆశ్చర్యంతో నోరు తెరుచుకుంది.

శరభుడు మహారాణిని పక్కనుంచి దాటి, ఒక్క గెంతులో మహారాజు మీద పడి, ఇద్దరూ దొర్లుతుండగానే వంటమనిషి చీర చెంగును మడిచి ఆయన నోట్లో కుక్కాడు. పులిని పిండిన చేతులు అతని మెడ చుట్టూ బిగుసుకున్నాయి. మహారాణి వాళ్ళిద్దరి మీదుగా దూకి, కళ్ళెం వేసి ఉన్న మహారాజు గుర్రం ఎక్కి, అడవి వైపు దౌడు తీయించింది. వెనక్కి ఒక్కసారి కూడా చూడలేదు.